మేయర్ గారి వియ్యంకుడు

"తలుపు తియ్యవే రెజ్కా! సగం తల చుట్టుకుని, సగం తల వదిలేసుకుని ఎంతసేపే ఆ స్నానాలగదిలో?"

మిలా కోబల్ మళ్ళీ తలుపు తట్టింది. లోపల కుళాయి నీళ్ళ చప్పుడు తప్ప జవాబు లేదు.

సాయంత్రం కాబోయే వియ్యంకులు హౌగెన్ దంపతులు కొడుకు ఆర్విద్‌ని వెంటబెట్టుకుని భోజనానికి వస్తున్నారు. ఆ సంబరం కోసమే రెజ్కా మధ్యాహ్నం పార్లర్‌కి వెళ్ళింది. వెళ్ళినపిల్ల వెళ్ళినట్టే పరుగెత్తుకొచ్చింది. ఎడమవైపు జుట్టంతా రోలర్లకి చుట్టి ఉంది. కుడివైపు జుట్టు తడి ఓడుతూ భుజం మీద వేలాడుతోంది. ఆ అవతారంతోనే కొండవీధి మొత్తం నడిచివచ్చింది. మేయర్ కూతురు! ఈపాటికి ఊళ్ళో తెలియనివాళ్ళుండరు.

"ఎవరైనా ఏమన్నా అన్నారా? చెప్పు తల్లీ. ఆ పార్లర్ దాని సంగతి నేను చూస్తాను."

"పార్లర్ ఆవిడ ఏం చేసిందమ్మా పాపం!" లోపలినుంచి గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు. "నాన్న ఈ పెళ్ళికి ఎందుకొప్పుకున్నాడు?"

మిలా చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"ఎందుకేమిటే? దేవుడు మనసు మార్చాడు. లెంటు ఉపవాసాల రోజులన్నీ చక్కెర లేని చప్పిడి కాఫీ తాగాను. మోకాళ్ళు కాయలు కాసేలా సెయింట్ ఆన్ బొమ్మ ముందు కూర్చున్నాను."

"ఆ దేవుడి పేరు డెస్మండ్ ఫ్లాహర్టీ అని నీకు తెలుసా?"

మిలాకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. ఫ్లాహర్టీ అంటే తన మొగుడి వెనక నీడలా తిరిగే ఐరిష్‌వాడు. ఎన్నికల పనులన్నీ అతనివే. అతనికీ తన ప్రార్థనలకీ ఏమిటి సంబంధం?

రెజ్కా చెప్పింది. పార్లర్‌లో కౌన్సిలర్ డోయల్ గారి భార్య వేడిగాలి టోపీ కింద కూర్చుని ఉంది. ఆ హోరులో తన మాట తనకే వినబడక, గొంతెత్తి అరిచింది. "పడమటి జిల్లాల ఓట్లన్నీ పట్టుకెళ్ళి మీ నాన్న జేబులో పోశావు కదమ్మా! హౌగెన్ గారి పిల్లాణ్ణి వలలో వేసుకోవడమంటే మాటలా? మా ఆయన అంటున్నాడు, ఈ పెళ్ళి గనక లేకపోతే పార్టీ మహాసభలో మనవాళ్ళు మట్టికరిచేవాళ్ళేనట!" పార్లర్‌లో ఉన్న ఆడవాళ్ళందరూ విన్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే రెజ్కాని అక్కడ కూర్చోనివ్వలేదు.

"అందరికీ తెలుసమ్మా. నీకూ నాకే తెలీదు."

మిలా మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళింది.

వంటింట్లో ఆడపడుచు పావ్లా బల్లనిండా పిండి పలచగా పరిచి, అక్రోటు ముద్ద రాస్తోంది. పొటీట్సా రొట్టె చుట్టడంలో ఆ కొండ మీద ఆమెని మించినవాళ్ళు లేరు. మొగుడు గనిలో పోయినప్పట్నుంచీ తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఆమె చేతికి ఎంత నేర్పుందో నోటికి అంత పదునుంది.

"ఏమంటుంది మహారాణి?" అంది పావ్లా తలెత్తకుండానే.

మిలా చెప్పింది. పావ్లా చెయ్యి ఆగలేదు. ముద్దని అంచులదాకా రాసి, అప్పుడు అంది.

"నేను అనుకుంటూనే ఉన్నాను మరదలా. రెండేళ్ళపాటు 'మనం కాథలిక్కులం, లూథరన్ పిల్లాడు నా గుమ్మం తొక్కడానికి వీల్లేద'న్నవాడు, ఉన్నట్టుండి ఒక ఆదివారం పూట 'ఆ అబ్బాయిని రమ్మను' అన్నాడంటే, నా తమ్ముడికి జ్వరమన్నా వచ్చుండాలి, పదవన్నా కనిపించుండాలి. జ్వరం లేదు. నేను నుదురు ముట్టుకుని చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వంత సంతోషంగా ఉంటే ఏ నోటితో చెప్పను?"

మిలా గోడనున్న టెలిఫోన్ తీసి సిటీహాలుకి కలపమంది. మేయర్ గారు సమావేశంలో ఉన్నారని అవతలి అమ్మాయి చెప్పబోయింది.

"ఇంటికి నిప్పంటుకుందని చెప్పు."

మార్టిన్ కోబల్ పరుగున వచ్చాడు. వెనకే ఫ్లాహర్టీ. వీధిలో పొగ లేదు, అగ్నిమాపకశాఖ బండి లేదు. వంటింటి గుమ్మంలో ఆగి, భార్య ముఖం చూసి టోపీ తీశాడు.

మార్టిన్ ఒకప్పుడు ఇనుప ఖనిజం ఓడలకెక్కించే రేవులో బరువులెత్తినవాడు. ఆ భుజాలు ఏ కోటులోనూ సరిగా ఇమడవు. సమ్మె జరిగిన చలికాలంలో మునిసిపల్ బొగ్గు గోదాము తెరిపించి ఇంటింటికీ బొగ్గు పంచిన మేయరని ఊరు ఇంకా చెప్పుకుంటుంది. ఇప్పుడు గవర్నర్ పదవికి నిలబడుతున్నాడు. వచ్చే వారమే పార్టీ తన అభ్యర్థిని ఎన్నుకునే రాష్ట్ర మహాసభ. కోబల్ లాంటి వలసవాళ్ళ పేరున్నవాడు ఆ కుర్చీ దరిదాపులకి ఎన్నడూ పోలేదు. ఈసారి పోయేలా ఉన్నాడు.

"నిప్పెక్కడ?" అన్నాడు.

"ఇక్కడ." మిలా తన గుండెమీద చెయ్యి వేసుకుంది. "మార్టిన్, ఒక్క మాట అడుగుతాను. ఆ గోడమీది సిలువ వైపు చూసి చెప్పు. హౌగెన్ చేతిలో పడమటి జిల్లాల ప్రతినిధులు లేకపోతే ఈ పెళ్ళికి ఒప్పుకునేవాడివా?"

మార్టిన్ సిలువ వైపు చూడలేదు. ఫ్లాహర్టీ వైపు చూశాడు. ఆ చూపే మిలాకి జవాబైంది.

"అమ్మా కోబల్ గారూ," ఫ్లాహర్టీ నవ్వు తెచ్చుకున్నాడు, "పిల్లకి ఇష్టమైన పెళ్ళే కదా! పిల్ల సంతోషం, తండ్రి అదృష్టం ఒకే బండిలో వస్తుంటే ఒకదాన్ని దారిలో దింపెయ్యడం దేనికి?"

"నువ్వు నోరు ముయ్యి," అంది పావ్లా. "పిండి పొంగాల్సిన టైములో గాలి మాటలు మాట్లాడకు."

మార్టిన్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"మిలా, ఒక కారణం ఉంటే ఒప్పుకోలు, రెండు కారణాలుంటే మోసమా? ఆ కుర్రాడు మంచివాడు. పశువుల డాక్టరు. రెజ్కా అంటే ప్రాణం. హౌగెన్ ధాన్యం సంఘానికి పెద్ద, ఆయన ఊఁ అంటే పడమటి రైతులు ఊఁ అంటారు. రెండూ నిజమే. రెండూ మనకి మంచివే."

"నేను చప్పిడి కాఫీ తాగుతుంటే చూస్తూ కూర్చున్నావు. నా మొక్కు తీరిందని ఏడిస్తే నా వీపు నిమిరావు. అప్పుడు కూడా చెప్పలేదు."

మార్టిన్ అక్కగారి వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వన్నా చెప్పు. నేనీ కుర్చీ నాకోసం అడుగుతున్నానా? నగరం నా చేతిలో ఉంది. గని నా చేతిలో లేదు. గనుల చట్టం రాజధానిలో ఉంది. బావ శవాన్ని పైకి తెచ్చిన రోజు నీకు మాటిచ్చాను, ఆ చట్టం మార్పిస్తానని."

పావ్లా అప్పటికి చేతులు తుడుచుకుంది. తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"ఇచ్చావు. చట్టం కావాలి, నాకూ కావాలి. కానీ ఒకటి విను తమ్ముడూ. నా మొగుడి పేరు చెప్పి నీ కూతుర్ని బేరం పెట్టకు. ఆయన పిల్లదాన్ని ఎత్తుకుని పాటలు పాడినవాడు. పైనుంచి ఉమ్మేస్తాడు."

కిటికీ అవతల సరస్సు మీద పొగమంచు లేస్తోంది.

ఫ్లాహర్టీ గొంతు తగ్గించాడు. ఇప్పుడతని మాటలో నవ్వు లేదు.

"మేయర్ గారూ, ఇది ఇంటి విషయం, నాకు సంబంధం లేదు. కానీ విలేఖర్లని సాయంత్రానికి రమ్మన్నాం. మీరూ హౌగెనూ వరండాలో చేతులు కలిపితే, రేపు పేపర్లో ఆ బొమ్మ పడితే, మహాసభలో మొదటి విడత ఓటింగులోనే గెలుస్తాం. అలా కాకుండా ఆ పెద్దమనిషి మనింటి గుమ్మం దగ్గరకొచ్చి, పెళ్ళికూతురు స్నానాలగదిలో తలుపేసుకుందని విని వెనక్కి పోయాడనుకోండి. అది అవమానం. అటునుంచి అటే మనకి పోటీగా ఉన్న రింగ్‌వాల్డ్ శిబిరానికి పోతాడు. మీ ఇష్టం."

"బయటికి పో," అంది మిలా.

"అమ్మా—"

"నా వంటింట్లోంచి బయటికి పో. ముందుగదిలో కూర్చో, టెలిఫోన్ పట్టుకు వేళ్ళాడు, ఏమన్నా చేసుకో. ఇక్కడ మాత్రం ఉండకు."

ఫ్లాహర్టీ వెళ్ళాడు. మార్టిన్ లేచి మెట్లెక్కాడు.

స్నానాలగది పక్కన మైలబట్టల బుట్ట ఉంది. దానిమీద కూర్చున్నాడు. అది కిర్రుమంది.

"రెజ్కా."

"నాన్నలా వచ్చావా, మేయర్‌లా వచ్చావా?"

"మేయర్లు మైలబట్టల బుట్ట మీద కూర్చోరమ్మా."

లోపల ఏదో చిన్న చప్పుడైంది. నవ్వేమోనని మార్టిన్ ఆశపడ్డాడు. కాదు.

"నాన్నా, నువ్వు వద్దన్న రెండేళ్ళూ నేను ఏడవని రోజు లేదు. అయినా నీమీద గౌరవం పోలేదు తెలుసా? 'మా నాన్న ఒకటి నమ్మితే నమ్ముతాడు, దానికోసం కన్నకూతురినైనా కాదంటాడు' అని ఆర్విద్‌తో కూడా చెప్పాను, కాస్త గర్వంగానే. ఇప్పుడు చూస్తే నువ్వు వద్దన్నదొక్కటే నిజం. సరేనన్నది అబద్ధం."

మార్టిన్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. కూతురి దగ్గర ఆ కాస్త గౌరవమైనా మిగిలేది. కానీ ఊరుకోలేకపోయాడు.

"ఆ కుర్రాడు నాకు మొదటిసారే నచ్చాడు రెజ్కా. మన గుమ్మంలో కుంటుతున్న కుక్కని చూసి, నాకు నమస్కారమైనా చెప్పకుండా దాని కాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆరోజే నచ్చాడు."

"మరి ఎందుకు వద్దన్నావు?"

"మన చర్చి ఫాదర్ యెర్నీ ఏమంటారోనని. వార్డుల్లో మనవాళ్ళు ఏమనుకుంటారోనని. కాథలిక్ మేయర్ పిల్లని లూథరన్లకి ఇచ్చాడంటే..."

"అంటే అదీ ఓట్ల లెక్కేనా?"

కుళాయి నీళ్ళు ఇంకా పారుతున్నాయి. కింద వంటింట్లో పావ్లా పొయ్యి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"వద్దన్నదీ ఓట్ల కోసం. సరేనన్నదీ ఓట్ల కోసం." రెజ్కా ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "మధ్యలో నేనెక్కడున్నాను నాన్నా?"

"అలా అనకమ్మా."

"సరే. ఒక్కటి చెప్పు. రేపు హౌగెన్ గారు ఆ రింగ్‌వాల్డ్ వైపు పోతే, అప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని నడిపిస్తావా?"

ఎన్నో సభల్లో ఎన్నో ప్రశ్నలకి జవాబులు చెప్పినవాడు. జవాబు తెలియనప్పుడు ఎలా దాటెయ్యాలో బాగా తెలిసినవాడు. మైలబట్టల బుట్ట మీద కూర్చుని ఆ మేయర్ చాలాసేపు ఆలోచించాడు.

"తెలీదమ్మా," అన్నాడు చివరికి.

కుళాయి ఆగింది. తలుపు గడియ తీసిన చప్పుడు.

రెజ్కా గుమ్మంలో నిలబడింది. రోలర్లన్నీ తీసేసి, తల మొత్తం కడిగేసుకుంది. తడిజుట్టు తిన్నగా, రెండువైపులా ఒక్కలా పడి ఉంది. కళ్ళు వాచాయి.

"ఇవాళ నువ్వు చెప్పిన మాటల్లో నాకు నమ్మబుద్ధి అయినది ఇదొక్కటే," అంది. "కిందికి వస్తాను. ఇలాగే వస్తాను. ఆ తర్వాత ఏం చేస్తానో నాకూ తెలీదు."

హౌగెన్ల కారు చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. రైతులు ఆలస్యం చెయ్యరు.

నెల్స్ హౌగెన్ గుమ్మం దాటడానికి తల వంచాల్సి వచ్చింది. అంత ఎత్తరి. ఎండకి కాలిన ముఖం, టోపీ ఉండేచోట మాత్రం తెల్లటి నుదురు. భార్య గుద్రున్ చేతిలో మూతపెట్టిన డబ్బా ఉంది, బంగాళాదుంప రొట్టెలట. వెనక ఆర్విద్. వస్తూనే రెజ్కా కోసం వెతికాడు. ఆమె తడిజుట్టు, వాచిన కళ్ళు చూసి అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాడు మెల్లగా.

"తర్వాత చెప్తాను."

శుక్రవారం కాథలిక్కులు మాంసం ముట్టరు. సరస్సు చేప ఒక పెద్దదాన్ని వెన్నలో కాల్చి బల్ల మధ్య పెట్టారు. మిలా అందరికీ కుర్చీలు చూపించింది. మామూలుగా మాట్లాడాలని చాలా కష్టపడుతోంది.

"కూర్చోండి, కూర్చోండి. దారిలో మంచు ఎక్కువగా ఉందా?"

మిగతావాళ్ళు కూర్చున్నారు. నెల్స్ హౌగెన్ కూర్చోలేదు. టోపీ చేతిలోనే ఉంది. అది చూసి గుద్రున్ కూడా మళ్ళీ లేచి నిలబడింది. డబ్బా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

"ముందుగదిలో ఫ్లాహర్టీ గారు కనిపించారు," అన్నాడు నెల్స్. మాట్లాడటం ఆయనకి బండరాయి దొర్లించినంత పని. "ఆయన్ని కూడా పిలవండి. అందరూ ఉండగా ఒకేసారి చెప్పేస్తాను."

ఫ్లాహర్టీ పిలవకుండానే గుమ్మంలోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"భోజనానికి ముందే చెప్పాలి," అన్నాడు నెల్స్. "మీ ఉప్పు తిన్నాక చెప్తే మర్యాద కాదు. కోబల్ గారూ, మా జిల్లాల ప్రతినిధులు మహాసభలో రింగ్‌వాల్డ్ గారికే ఓటేస్తారు."

ఎవరి చేతిలోంచో చెంచా జారి పళ్ళెం మీద పడింది.

"గోధుమ ధర పడిపోయిన ఏడు ఆయనొక్కడే మాతో నిలబడ్డాడు. అప్పుడు మాటిచ్చాను. మీరు చెడ్డవారని కాదు. మాటిచ్చాను, అంతే. ఈ ఫ్లాహర్టీ గారు నాకు ఫోను చేసి పెళ్ళి గురించి మొదలెట్టి మహాసభలోకి వెళ్తారు, మహాసభ గురించి మొదలెట్టి పెళ్ళిలోకి వస్తారు. నేను నెమ్మది మనిషిని. అప్పుడు అర్థం కాలేదు. నిన్న పొద్దున పాలు పితుకుతుంటే అర్థమైంది."

"నాన్నా!" ఆర్విద్ ముఖం పాలిపోయింది. "దార్లోనన్నా నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు కారు దిగవు." నెల్స్ మళ్ళీ మార్టిన్ వైపు తిరిగాడు. "మీ అమ్మాయి మా ఇంటికొస్తే మాకు ఆనందం. మతం తేడా నాకు కష్టంగానే ఉంది, అబద్ధమాడను. కానీ వాడు తిండి మానేస్తే నేను చూడలేను. పిల్లల పెళ్ళికీ మన ఓట్లకీ సంబంధం లేదని నా ఉద్దేశం. మీ ఉద్దేశం ఏమిటో తెలీదు. అది తెలుసుకుని కూర్చుందామని నిలబడ్డాను."

రెజ్కా తండ్రి వైపే చూస్తోంది. కాస్సేపటి క్రితం స్నానాలగదిలోంచి అడిగిన ప్రశ్న, ఇంకెప్పుడో వస్తుందనుకున్నది, టోపీ చేత్తో పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

మార్టిన్ పెదవులు కదిలాయి.

"ఒక్క నిమిషం, హౌగెన్ గారూ," ఫ్లాహర్టీ చటుక్కున వచ్చి మార్టిన్ భుజం పట్టుకున్నాడు. "మేయర్ గారికి ఒక ఫోను..."

ఏ ఫోనూ మోగలేదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా మార్టిన్ లేచి అతని వెంట సామాన్ల కొట్లోకి వెళ్ళాడు. మిలా ఆగలేకపోయింది. ఆమె కూడా వెళ్ళింది.

కొట్టులో ఊరగాయ సీసాల మధ్య ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు.

"వినండి," ఫ్లాహర్టీ ఆయాసపడుతున్నాడు. "ఇది దెబ్బ కాదు. వరం. విలేఖర్లు వస్తున్నారు. వరండాలోకి వెళ్ళి చెప్పండి, ఈ పెళ్ళి జరగదని. నా విశ్వాసం ముందు నాకు ఏ పదవీ ఎక్కువ కాదు, లూథరన్లకి పిల్లనివ్వనని. అంతే! ఊళ్ళో ప్రతి చర్చి, గనుల వైపు ప్రతి ఊరు మీ వెనక లేచి నిలబడుతుంది. పడమర పోతే పోయింది, ఉత్తరం మొత్తం మీదే. హౌగెన్ ఇచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది. నేను లెక్క వేశాను."

"అప్పుడే వేశావా?" అంది మిలా.

"నా ఉద్యోగం అదే కదమ్మా."

మిలా అతన్ని పట్టించుకోలేదు. మొగుడి ముఖం చూస్తోంది. ఆ ముఖంతో ఆమె ఇరవైనాలుగేళ్ళు కాపురం చేసింది. దానిమీద ఏ గీత ఎప్పుడు పడుతుందో తెలుసు.

"మార్టిన్, ఆలోచిస్తున్నావు."

"లేదు."

"ఆలోచిస్తున్నావు. నాకు కనబడుతోంది."

మార్టిన్ కళ్ళు మూసుకున్నాడు. ఆలోచించాడు, నిజమే. గనుల ఊళ్ళు కళ్ళముందు కదిలాయి. చర్చి మెట్ల మీద జనం, చప్పట్లు, రాజధానిలో శాసనసభ గుమ్మటం, గనుల చట్టం మీద తన సంతకం. అవన్నీ ఒక్క మాటకి దొరుకుతాయి. ఆ మాట రెండేళ్ళుగా తన నోట్లో ఉన్నదే. కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

"నిలబడే ఉన్నాడు ఆ మనిషి," అంది మిలా. "మన ఇంట్లో, మన చేప ముందు, ఆకలితో నిలబడే ఉన్నాడు. ఆయనకి నువ్వు ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పినా నీతోనే ఉంటాను, పెళ్ళినాడు ప్రమాణం చేశాను కాబట్టి. కానీ ఎలా ఉంటానో మాత్రం నువ్విప్పుడు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

వీధిలో కారు తలుపులు పడిన చప్పుడైంది. ఎవరో దగ్గుతూ మెట్లెక్కుతున్నారు. విలేఖర్లు.

మార్టిన్ కొట్టులోంచి బయటికి వచ్చాడు. బల్ల దగ్గర పావ్లా ఒక్కతే ఏమీ జరగనట్టు బంగాళాదుంప రొట్టెల డబ్బాని గుద్రున్ చేతిలోంచి తీసుకుని బల్లమీద పెడుతోంది.

మార్టిన్ బల్ల చివరికంటా నడిచి, నెల్స్ వెనకున్న కుర్చీని తన చేత్తో వెనక్కి లాగాడు.

"కూర్చోండి, హౌగెన్ గారూ."

నెల్స్ కుర్చీని చూశాడు, మార్టిన్‌ని చూశాడు. "ఇది జవాబేనా?"

"కాదు. చేప చల్లారిపోతుందని. జవాబు బయట చెప్తాను, ఊరంతా వినేలా. లోపల చెప్పే మాటకి ఈ ఇంట్లో విలువ పోయింది. పోగొట్టింది నేనే."

తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. రెజ్కా లేచి వెంట వెళ్ళింది. ఏం చెప్తాడో ఆమెకి తెలీదు. అయినా విన్నవాళ్ళ నోటినుంచి కాకుండా తన చెవులతోనే వినాలనుకుంది.

పొగమంచు మెట్లదాకా వచ్చేసింది. రేవులో ఓడ ఒకటి దీర్ఘంగా కూత పెడుతోంది. విలేఖరి ఒకడు, ఫోటోలు తీసేవాడు ఒకడు. మెడలు ముడుచుకుని నిలబడి ఉన్నారు.

"ఏదో శుభవార్త అన్నారు మేయర్ గారూ!"

మార్టిన్ గొంతు సవరించుకున్నాడు. సభల్లో వినిపించే గొంతు కాదది.

"మా అమ్మాయి రెజ్కాకీ, ఆర్విద్ హౌగెన్‌కీ పెళ్ళి. అబ్బాయి తండ్రి నెల్స్ హౌగెన్ గారు మహాసభలో రింగ్‌వాల్డ్ వైపు ఉంటున్నారు. ఇప్పుడే నాకు చెప్పారు. నేను ఓడిపోవచ్చు. పెళ్ళి మాత్రం జరుగుతుంది. పిల్లని నేనే చెయ్యి పట్టుకుని నడిపిస్తాను."

విలేఖరి రాయడం మరిచిపోయాడు. "ఇదంతా రాయమంటారా?"

"రాయండి."

ఫ్లాహర్టీ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. కొక్కేనికున్న తన టోపీ తీసుకుని, వాళ్ళ మధ్యనుంచే మెట్లు దిగి మంచులోకి వెళ్ళిపోయాడు. అతనితోపాటు నదివైపు వార్డుల్లో ఎంతమంది ఓటర్లు వెళ్తారో మార్టిన్‌కి తెలుసు. పిలవాలని ఒక్క క్షణం చెయ్యి లేచింది. పిలవలేదు.

రెజ్కా తండ్రి పక్కకి వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. కానీ ఆమె భుజం ఆయన మోచేతికి ఆనింది. మార్టిన్ కదలకుండా నిలబడ్డాడు, కదిలితే ఆ భుజం తప్పుకుంటుందేమోనని.

"ఇంకొక్కటి మేయర్ గారూ," విలేఖరి పెన్సిలు ఎత్తాడు. "పెళ్ళి ఏ చర్చిలో?"

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. మిలా అడగలేదు, భయంతో. రెజ్కా, ఆర్విద్ అడగలేదు, ఒకరినొకరు నొప్పించుకోలేక. మార్టిన్‌కైతే దానికి జవాబులున్నాయి. వార్డుల్లో చెప్పాల్సింది ఒకటి, పడమటి జిల్లాల్లో చెప్పాల్సింది ఒకటి. రెండూ తయారుగా ఉన్నాయి.

ఆయన ఆ రెండూ చెప్పలేదు. కూతురి వైపు తిరిగాడు.

"అది నన్నడక్కండి. ఆమెనడగండి."

రెజ్కా ఉలిక్కిపడింది. వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఆర్విద్ ఉన్నాడు. అతని వెనక ఇద్దరు తల్లులూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. సాయంత్రం నుంచీ ఒకరితో ఒకరు నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు మిలా చెయ్యి మెళ్ళో సిలువని పట్టుకుని ఉంది. గుద్రున్ రెండు చేతులూ బిగించి గుండెకి ఆనించుకుంది. ఇద్దరూ రెజ్కా పెదవులవైపే చూస్తున్నారు. ఇద్దరూ ప్రార్థిస్తున్నారు. ఆమె నోటినుంచి ఏ మాట వచ్చినా ఇద్దరిలో ఒకరి ప్రార్థన విఫలం కాక తప్పదు.